మూడు చుక్కల వెనక

నవంబర్ 4

బాబాయ్,

చేరిందా? చేరకపోతే చేరలేదని ఒక మెయిల్ పెట్టు.

నిన్న మీ యార్డు స్టోరులో మూడు గంటలు కూర్చుని నీ కంప్యూటర్‌ని మనిషిని చేసి వచ్చాను. దానికున్న ఓపికకి అందరూ వాడే బరువైన మెయిల్ ప్రోగ్రాములు పడవు. అందుకే ఏరి ఏరి ఒక బక్కదాన్ని వేశాను. వచ్చిన ఉత్తరం ఎంత ముస్తాబై వచ్చినా నగలన్నీ ఒలిచేసి ఉత్త అక్షరాలు చూపిస్తుంది. నీకు కావాల్సింది అక్షరాలేగా.

ఇకమీదట మన మాటలన్నీ ఇందులోనే. ఇరవై ఏళ్ళు దడదడమని రివెట్లు కొట్టే షెడ్డులో పనిచేసిన చెవులు నీవి. ఫోన్లో నేను అరిస్తే మీ పక్కింటివాళ్ళు జవాబు చెబుతున్నారు గానీ నువ్వు చెప్పట్లేదు.

పద్ధతులు విను. నవ్వకు, ఇవి నేను టీ విరామాల్లో చదువుకుని నేర్చుకున్నవి, ఎవడూ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పలేదు. విషయం అనే గడి ఖాళీగా వదలొద్దు. ఒక మెయిల్లో ఒకే పని. ముఖ్యంగా, అవతలివాళ్ళ మాట పైన ఉంచి నీ జవాబు దాని కింద రాయి. పైన రాసేవాళ్ళు ప్రశ్న వినకుండా జవాబు చెప్పే రకం, అచ్చం మా సూపర్వైజరులాగా.

బరువులు లేపే మీ ఇనుప తాళ్ళ లిస్టు కూడా ఇక కాగితం మీద రాదు. రెండు నెలలకోసారి మీరు పంపిన తాళ్ళని మా టెస్టింగ్ షెడ్డులో నేను లాగి చూస్తాను, మెయిల్లో లిస్టు పంపుతాను. నువ్వు అది చూసి మంచివాటికి పచ్చరంగు పూసి క్రేను దగ్గరికి పంపు. పనికిరానివాటిని ఇక్కడే కోసి పారేస్తానంటే వీల్లేదట! మీ పెద్దాఫీసరు సంతకం పెట్టాకే కోయాలట. అందుకని మంచివీ చెడ్డవీ ఒకే లారీలో తిరిగొస్తాయి. ఈ తెలివి ఎవరిదో తెలిస్తే వాణ్ణి ఆ చెడ్డ తాడుతోనే క్రేనుకి కట్టి లేపుతాను.

పిన్నిని అడిగానని చెప్పు.

మిరపకాయ్


నవంబర్ 7

> చేరిందా?

చేరింది తల్లీ.

> పద్ధతులు విను.

విన్నాను. అట్టముక్క మీద రాసి కంప్యూటర్ పైన అతికించాను. మన పొడుగు, అదే క్రేను కింద బరువులు కట్టేవాడు, వచ్చి చదివి "ఇదంతా పెట్టింది ఎవరు అన్నా, మీ ఆఫీసరా?" అన్నాడు. మా అన్నకూతురు అన్నాను. "ఆఫీసరు కంటే గట్టిగా ఉందే" అని రెండు చేతులూ జోడించి పోయాడు. బరువు లేపే ముందు వాడు తాడు మీద పచ్చరంగు ఉందో లేదో చూస్తాడు, ఉంటే ఇంకేమీ చూడడు. "రంగు పూసింది నువ్వు కదన్నా" అంటాడు.

> పిన్నిని అడిగానని చెప్పు.

చెప్పాను. నిన్ను కోపం తగ్గించుకోమంది. ఆ షెడ్డులో నీకు ఉద్యోగం ఇమ్మని అడగడానికి వెళ్ళినప్పుడు నేను చెప్పిన ఒకే ఒక్క గొప్ప నీ కోపమే అని నేనన్నాను. తప్పు చూసి ఊరుకోదు సార్, అన్నాను. ఇప్పుడు తగ్గిస్తే నా మాట పోతుంది.

రెండేళ్ళలో రిటైరవుతాను. ఈలోపు ఈ మెయిలొకటి నేర్చుకుని దిగిపోతే బాగుంటుంది.

బాబాయ్


జనవరి 12

బాబాయ్,

మా షెడ్డుకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. కొత్త మెయిల్ ప్రోగ్రాం కూడా నేనే ఎంచాను! నాలుగు చూపించి ఏది మంచిదన్నారు, ఇదన్నాను. అద్దంలా ఉంది. పాత ఉత్తరాల చెత్తంతా మూడు చుక్కల వెనక దాచేస్తుంది, కొత్త మాట మాత్రం కళ్ళ ముందు పెడుతుంది. ఇన్నాళ్ళూ పాతదాన్ని ఎలా భరించానో.

పొద్దున నీకు తాళ్ళ లిస్టు పంపాను. ఇరవై మూడు. ప్రతిదానికీ పక్కన "బాగుంది", "పనికిరాదు" అని రాసుకుంటూ కూర్చునే ముసలి పద్ధతి మానేశాను. ఈసారి చూడగానే తెలిసేలా పెట్టాను.

సూపర్వైజరు కొత్త కుర్చీ కూడా తెచ్చుకున్నాడు. గిర్రున తిరుగుతుంది. పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉన్నాడు.

మిరపకాయ్


జనవరి 13

> ఈసారి చూడగానే తెలిసేలా పెట్టాను.

చూశాను. ముత్యాల్లాంటి నంబర్లు, ఇరవై మూడూ వరసగా. కానీ ఎప్పుడూ మూడో నాలుగో పోతాయి కదా, ఈసారి ఒక్కటి కూడా పోలేదా? అన్నీ మంచివేనా? పదకొండో నంబరు తీగలు తెగినట్టు నా చేతికి తగులుతోంది. ఇంకోసారి చూసి చెప్పు. ఎల్లుండి దాకా ఆగుతాను, నువ్వు కాదనకపోతే రంగు పూస్తాను.

> గిర్రున తిరుగుతుంది.

తిరగనీ.

బాబాయ్


జనవరి 20

బాబాయ్,

ఏంటిది? వారంలో మూడు మెయిళ్ళు పంపావు, మూడూ ఖాళీ. విషయం గడిలో నా విషయమే, లోపల ఒక్క ముక్క లేదు. నా ఉత్తరాలు నాకే తిప్పి పంపడానికా నేను ఆదివారం పూట అంత దూరం వచ్చి నేర్పింది? రాసి పంపు. లేదా రాయకుండా పంపకు. ఏదో ఒకటి.

ఇక్కడ నాకు ఊపిరాడట్లేదు. అవతల షెడ్డులో గొలుసులు లాగి చూసే మనిషి మానేస్తే అతని పని కూడా నా నెత్తినే వేశారు.

మిరపకాయ్


జనవరి 28

బాబాయ్,

నిన్న మధ్యాహ్నం మా షెడ్డుకి విచారణవాళ్ళు ముగ్గురు వచ్చారు. పదకొండో నంబరు తాడు తెగిందని, పైపుల కట్ట పొడుగు కాలి మీద పడిందని, పాదం తీసేశారని వాళ్ళు చెబితే తెలిసింది. తాడు మీద పచ్చరంగు ఉందట.

పదకొండుకి పచ్చరంగు పూశావా? ఎలా పూశావు? ఎర్ర అక్షరాలు పెట్టాను, నంబరు మీద అడ్డంగా గీత కొట్టాను. మూడు, పదకొండు, పద్నాలుగు, ఇరవై. నాలుగూ ఎర్రగా, గీతతో. గుడ్డివాడికి కూడా కనపడుతుంది. వాళ్ళు నా కంప్యూటర్లో చూసి, రంగుల్లో అచ్చు తీసుకుని, "నీ తప్పేం లేదమ్మా" అని వెళ్ళిపోయారు.

నీకు కళ్ళున్నాయా? ఏం చూసి పూశావు? పనికిరాని తాడని తెలియకపోతే నన్నడగాలి కదా! ఒక్క మాట అడిగావా?

పొడుగుకి ఎలా ఉంది? రాయి. ఖాళీ మెయిల్ పంపావంటే ఊరుకోను.


ఫిబ్రవరి 3

అమ్మడూ,

ఇది కాగితం మీద రాస్తున్నాను. విచారణ అయ్యేదాకా స్టోరుకి రావద్దన్నారు, కంప్యూటర్ వాళ్ళ దగ్గరే ఉంది.

పొడుగు బతికాడు. రోజూ వెళ్తున్నాను. మొదటి రెండు రోజులూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడో రోజు వాడి మంచం కోడు పట్టుకుని, నా కళ్ళు పోయాయిరా, నాకు తెలియలేదు, అన్నాను. అప్పుడు ఇటు తిరిగాడు. "కళ్ళు పోయినవాడివి నన్నేం చేస్తావులే అన్నా" అన్నాడు. వాళ్ళావిడ నాకు టీ పోసింది. తాగలేకపోయాను.

విచారణవాళ్ళు నువ్వు పంపిన లిస్టు నాకు చూపించారు. ఎర్రగా, గీతతో, నువ్వన్నట్టే ఉంది. నాకేమో ఆ రోజు తెర మీద అన్నీ నల్లగా, శుభ్రంగా ఉన్నట్టే గుర్తు. కానీ కాగితం ఎదురుగా ఉంటే నా గుర్తుని ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను. నిన్ను అడిగినట్టు కూడా గుర్తుంది. మూడుసార్లు రాశాననుకున్నాను. ఖాళీవి వచ్చాయని నువ్వే రాశావు కదా. రాశాననుకుని రాయకుండా పంపాను కాబోలు. చెవులు ఎలాగూ లేవు. కళ్ళు పోయాయి. ఇప్పుడు ఇదొకటి.

"చూపు లోపం వల్ల జరిగింది" అని రాసిచ్చి సంతకం పెట్టాను. మీ ఇంటి మనిషే ఆ మాట చెప్పింది కదా, దాపరికం ఎందుకు, అని మా ఆఫీసరన్నాడు. నువ్వు మంచికే చెప్పి ఉంటావు. సైకిల్ తొక్కడం మానేశాను. కూడలిలో ఎర్రదీపం కనపడక ఇంకొకడి మీదికి తోలితే?

మీ పిన్ని నా చొక్కా ఉతకబోతే జేబులో ఆ రోజు నేను అచ్చు తీసుకున్న లిస్టు దొరికింది. దీన్ని చేత్తో పట్టుకునే రంగు పూశాను, అంచున పచ్చరంగు వేలిముద్ర ఉంది చూడు. దాచుకోవడానికి చేతులు రావట్లేదు, చించడానికీ రావట్లేదు. నీకే పంపుతున్నాను. స్టోరులో ఉన్నది నల్ల అచ్చు మాత్రమే వేసే యంత్రం, కాబట్టి దీంట్లో ఎరుపు రాదు. నా తరఫున ఇది చెప్పేదేమీ లేదు.

బాబాయ్


ఫిబ్రవరి 9

బాబాయ్,

ఈ ఉత్తరం పిన్ని చేత గట్టిగా చదివించుకోవద్దు. నువ్వే చదువు. నువ్వు చదవగలవు. నీ కళ్ళకి ఏమీ కాలేదు.

నువ్వు పంపిన కాగితం చూశాను. నల్ల యంత్రంలో ఎరుపు రాదు, నిజమే. కానీ గీత రావాలి కదా? నల్లగీతగా అయినా రావాలి. పదకొండు మీద గీత లేదు. నాలుగింటి మీదా లేదు. ఇరవై మూడు నంబర్లు, ముత్యాల్లా.

కాగితం చేతిలో పట్టుకుని షెడ్డు మెట్ల మీద కూర్చుండిపోయాను. నీకు ఆ బక్క ప్రోగ్రాం వేసింది నేను. రంగు చూపించదు, గీత చూపించదు, ఉత్త అక్షరాలు చూపిస్తుంది అని గొప్పగా రాసింది నేను. తరవాత నాకు కొత్త బొమ్మ దొరికింది. రెండు మాటలు రాయడానికి బద్ధకించి రంగు పెట్టాను. నువ్వు నల్లగా, శుభ్రంగా చూశావంటే నీ తెర మీద అవి నల్లగా, శుభ్రంగానే ఉన్నాయి. నీకు గుర్తున్నదే నిజం.

ఇంకా ఉంది. తిట్టుకోవడానికి ఆగు, అంతా విన్నాక తిట్టు.

లోపలికి వెళ్ళి నీ ఖాళీ మెయిళ్ళు తెరిచాను. అడుగున మూడు చుక్కలున్నాయి. పాత చెత్త దాస్తుందని నీకు రాశానే, అవే. నా ఉత్తరం పైన, నీ జవాబు కింద ఉండేసరికి రెంటినీ కలిపి పాత చెత్త అనుకుని దాచేసింది. నొక్కాను. "పదకొండో నంబరు తీగలు తెగినట్టు నా చేతికి తగులుతోంది. ఇంకోసారి చూసి చెప్పు." పదిహేనో తేదీది నొక్కాను. "ఇంకొక్క రోజు ఆగుతాను తల్లీ, మా ఆఫీసరు తొందర పెడుతున్నాడు." పద్దెనిమిదోది నొక్కాను. "నువ్వేమీ అనలేదు కాబట్టి పూశాను. నువ్వు చూశాక నాకు అనుమానమెందుకు." ఇరవై ఒకటో తేదీన నాలుగోది కూడా ఉంది, అది ఖాళీ అని తిట్టడానికి కూడా నాకు తీరిక దొరకలేదు. "ఖాళీ కాదమ్మా, కింద చూడు."

కింద రాయమని నేర్పింది నేను. నువ్వు అట్టముక్క మీద రాసుకుని మరీ కిందే రాశావు. నేను పైన మాత్రమే చూశాను.

ఆ ముగ్గురూ వచ్చినప్పుడు నేనన్న మాట కూడా చెప్పాలి. మంచికి అనలేదు. భయంతో అన్నాను. "మా బాబాయికి చెవులు ఎలాగూ లేవు సార్, ఇప్పుడు కళ్ళు కూడా పోయినట్టున్నాయి." వాళ్ళు అడగలేదు. నేనే అన్నాను. ఒకడు రాసుకున్నాడు.

విచారణ ఇరవై నాలుగో తేదీన కదా. అంతా రాసి పెద్దాఫీసుకి పంపుతాను. నువ్వు సంతకం పెట్టినదాన్ని వెనక్కి తీసుకో.

సైకిల్ తొక్కు బాబాయ్.

మీ అన్నకూతురు


ఫిబ్రవరి 14

అమ్మడూ,

పంపకు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది, సంతోషంతోనే. పిన్ని భయపడి పక్కింటావిడని పిలిచింది. రెండోసారి చదివితే కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు, అబద్ధం ఎందుకు. పద్దెనిమిది రోజులు కళ్ళు లేనివాడిలా బతికాను. ఇంట్లో గోడ పట్టుకుని నడిచాను. పొడుగు నన్ను చూసి జాలిపడ్డాడు, కాలు లేనివాడు, నన్ను చూసి!

అయినా పంపకు. నాకు రెండేళ్ళే ఉంది, ఇంట్లో కూర్చున్నా గడుస్తుంది. నీకు ముప్ఫై ఏళ్ళ పని ముందుంది. నిన్ను తీసేస్తే ఇంకో షెడ్డు గడప తొక్కనివ్వరు. పైగా తప్పు నీ ఒక్కదానిదే కాదు. చేతికి తగిలింది నాకు. తీగ తెగిందని నా వేలు చెబుతుంటే నీ మౌనాన్ని నమ్మాను. అది ఏ ప్రోగ్రామూ చేయించలేదు. ఒకరు పోతే చాలు, ఇద్దరెందుకు.

బాబాయ్


ఫిబ్రవరి 27

బాబాయ్,

నీ ఉత్తరం చేరేసరికే పంపేశాను. చేరకముందు పంపాను కాబట్టి నీ మాట కాదన్నట్టు కాదు. సరే, చేరాక అయినా పంపేదాన్నే.

నువ్వు పంపిన నల్ల అచ్చు కాగితం, నీ నాలుగు మెయిళ్ళు, నీకు ఏ ప్రోగ్రాం వేశానో, నాకు ఏది ఎంచుకున్నానో, అన్నీ వరసగా రాశాను. చెడ్డ తాళ్ళు సంతకం కోసం మంచివాటితో కలిసి ఎందుకు ప్రయాణం చేస్తున్నాయని కూడా అడిగాను. దానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. నన్ను లిస్టుల పని నుంచి తప్పించారు. ఆర్నెల్లు ఇంట్లో ఉండమన్నారు, తరవాత చూస్తారట. సూపర్వైజరు కుర్చీలో తిరగకుండా నిలబడి చెప్పాడు, అది చాలా ఇబ్బందిగా అనిపించింది.

మొన్న మీ ఊరొచ్చాను. నీ ఇంటికి రాలేదు, రావడానికి మొహం లేదు. పొడుగు దగ్గరికి వెళ్ళాను.

నిజంగానే అంత ఎత్తు మనిషనుకోలేదు. మంచం మీద కూర్చున్నా నాకంటే ఎత్తున్నాడు. నేనెవరో చెప్పాను. "ఓహో, అట్టముక్క ఆఫీసరువి నువ్వేనా" అన్నాడు. అంతా చెప్పాను. మధ్యలో ఆపలేదు. వాళ్ళావిడ వింటూ వింటూ బయటికి వెళ్ళిపోయింది. చివరికి ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఆ చుక్కలు నొక్కి చదవడానికి ఎంతసేపు పడుతుందమ్మా?"

నిజంగానే జవాబు కావాలన్నట్టు నా వైపే చూశాడు. "ఎక్కువసేపు పట్టదు" అన్నాను. "ఎంత?" అన్నాడు. "ఇప్పుడు మీరు అడిగినంతసేపు" అన్నాను.

ఇక వెళ్ళమన్నాడు. గట్టిగా అనలేదు. మళ్ళీ రావచ్చా అంటే గోడవైపు తిరిగాడు. వస్తాను. రావద్దనేదాకా వస్తాను.

క్షమించమని అడగట్లేదు బాబాయ్.

మిరప


మార్చి 18

మిరపకాయ్,

స్టోరుకి తిరిగి పనికి పిలిచారు. కంటి డాక్టరు రంగు చుక్కల పుస్తకం తిప్పి తిప్పి చూపించి, రెండు కళ్ళూ బ్రహ్మాండంగా ఉన్నాయని రాసిచ్చాడు. ఆ కాగితం ఆఫీసులో ఇచ్చాను. పాత సంతకం వెనక్కి ఇవ్వడం కుదరదట, కొత్తది దాని మీద గుచ్చి పెట్టారు. నన్నూ కాస్త మందలించారు, నేనే ఒప్పుకున్నాను, చేతిమాట వినలేదని. చెడ్డ తాళ్ళు ఇంకా మంచివాటితోనే వస్తున్నాయి.

ఊరికొచ్చి మా ఇంటికి రాలేదని మీ పిన్ని మండిపడుతోంది. మొహం లేదని రాశావటగా, మరి పొడుగు దగ్గరికి ఏం పెట్టుకుని వెళ్ళావని అడగమంది. ఈసారి ముందు ఇక్కడికి రా, ఇద్దరం కలిసి వెళ్దాం. నిన్న నేను వెళ్తే వాడు, "ఆ పిల్ల ఈ వారం రాదా?" అన్నాడు. మొహం మాత్రం సీరియస్‌గానే పెట్టాడు. రమ్మన్నాడో రావద్దన్నాడో నేను అడగలేదు.

నీకు ఒక మాట చెప్పాలి, కోపంతో కాదు. నిన్న కొత్త తాళ్ళు వచ్చాయి. నంబర్లన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి. అయినా రంగు డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాను. గేటు దగ్గర కాపలా మనిషిని పిలిచి ఒక్కొక్క నంబరూ వాడి చేత చదివించుకున్నాను. వాడు చదివాక కూడా ఇంకోసారి చదవమన్నాను. "అన్నా, నీ కళ్ళు బాగున్నాయని డాక్టరు రాశాడు కదా" అన్నాడు. రాశాడ్రా, అన్నాను. కళ్ళు బాగున్నాయి. నాకు వాటి మీద నమ్మకం తిరిగి రాలేదు, అంతే. వస్తుందంటోంది పిన్ని.

సైకిల్ ఇంకా తొక్కట్లేదు.

ఈ ఉత్తరం మూడుసార్లు చూసుకున్నాను, ఆపైన పిన్ని కూడా చూసింది. నేను రాశాననుకున్నదంతా ఇందులో ఉందో లేదో నువ్వు చదివి, మొత్తం చదివి, నాకు చెప్పు.

బాబాయ్